ఈ బండి అమ్మబడును

నాకు అక్షరాలు వచ్చింది మోటారుసైకిలు వెనక సీటు మీద. చెబితే నవ్వుతారు. నవ్వితే నవ్వనీ.

మాది పెద్దముడియం దగ్గర ఒక పల్లె. నలభై ఐదేళ్లు దాటేదాకా నాకు అక్షరం ముక్క రాదు. ఆదివారం చర్చిలో పాటల పుస్తకం తెరిచి పట్టుకుని, పక్కామె పెదాలు చూసి నా పెదాలు కదిపేదాన్ని. ఒకసారి పుస్తకం తలకిందులుగా పట్టుకున్నాను. పాస్టరమ్మ అది చూసింది. అందరిముందూ ఏమీ అనకుండా, సాయంత్రాలు ఇంటికి రమ్మని పలక ఇచ్చి దిద్దించింది. ఐదారు నెలలు నేర్పాక వాళ్లకు వేరే ఊరు పడింది. నా గుణింతాలు సగంలో ఆగిపోయాయి. మిగతా సగం రోడ్డు నేర్పింది.

నేను జమ్మలమడుగులో ఆడపిల్లల హాస్టలులో వంట చేస్తాను. ఉదయం ఆరుకల్లా పొయ్యి వెలగాలి. మా ఆయన ప్రొద్దుటూరులో ఒక పత్తి మిల్లు గేటు దగ్గర కాపలా. నన్ను జమ్మలమడుగులో దించి, ఆ బండి మీదనే ప్రొద్దుటూరు పోయేవాడు. ఆయన నాకు మేనత్త కొడుకు, మా వైపు ఆ వరసకు మామా అనే పిలుస్తాం. ఆయనకు చదువు అసలే లేదు. సంతకం వేలిముద్రే.

చలికాలంలో ఆ దారి చూడాలి. శనగ చేల మీద మంచు పరుచుకుని ఉంటుంది. నల్లరేగడి ఎక్కడ ఆగిందో, మంచు ఎక్కడ మొదలైందో తెలియదు. ధనియాల చేను పక్కన పోతే ఆ వాసన కొంగులో పడి హాస్టలు దాకా వచ్చేది. మామ ముందు, నేను వెనక ఎడమపక్కకు తిరిగి, ఒడిలో రెండు అన్నం గిన్నెలు. నిద్రా అంటే నిద్ర కాదు, మెలకువా అంటే మెలకువ కాదు. ఆ రెంటికీ నడుమ ఒక చోటు ఉంది. అక్కడ కూర్చుని ఉంటే మంచులోంచి ఒక మైలురాయి నడిచి వచ్చేది, దాని మీద ఒక అక్షరం. జ. అంతే, దాటిపోయేది. మరుసటి రోజు అదే రాయి దగ్గర కళ్లు పెద్దవి చేసుకుని కూర్చుంటే మ్మ దొరికేది. జమ్మలమడుగు అని మొత్తం కూడబలుక్కునేటప్పటికి ఒక వారం పట్టింది. ప్రొద్దుటూరుకు నెల పట్టింది. ప కింద వేలాడే ఆ కొక్కెం నాకు అంతుపట్టలేదు. పట్టిన రోజు, ఆ పేరులో పొద్దు ఉందని తెలిసి వెనక సీటు మీద ఒక్కదాన్నే మురిసిపోయాను. రోజూ నోటితో అనే మాటలో ఇంత కాలం పొద్దు దాక్కుని ఉండింది.

మా పాత బండి ఎంత తిప్పినా ముప్పై దాటేది కాదు. నా చదువుకు సరిగ్గా సరిపోయే వేగం అది. ఇంకొంచెం జోరుగా పోయే బండి అయ్యుంటే నేను ఈరోజుకూ వేలిముద్రే వేస్తూ ఉండేదాన్ని.

ఇంకొకటి కూడా చెప్పాలి. పక్కకు తిరిగి కూర్చునేదాన్ని కాబట్టి నాకు కనబడేది రోడ్డుకు ఎడమవైపే. కుడివైపు నా వీపు వైపు. మధ్యాహ్నం తిరిగి వచ్చేది ఆటోలో, పదిమంది నడుమ ఇరుక్కుని, ఎవరి మూపో తప్ప ఏమీ కనబడదు. అందువల్ల పోయేదారిలో ఎడమవైపు రాసిందంతా నేను చదివాను. కుడివైపుకు నేను ఇంకా చదువు రానిదాన్నే.

ఆ బండి ఒక తెల్లవారుజామున దారిలో కీచుమని అరిచి నిలబడిపోయింది. మామ ఎంత తన్నినా కిక్కు కదలలేదు. తోసుకుంటూ, ట్రాక్టరు మీద వేసుకుంటూ ప్రొద్దుటూరుకు చేర్చాం. అక్కడ మా బండిని మొదటినుంచీ చూసే మెకానిక్కు ఒకాయన ఉన్నాడు. మా వయసువాడే. భాయ్ అంటాం. ఆయన ఉర్దూ చదువుతాడు, తెలుగు చదవడం రాదు. ఇంజను విప్పి, చూసి, మళ్లీ మూత పెట్టేశాడు.

"పట్టేసినాది అప్పా. లోపలంతా గీక్కపోయినాది."

"బాగు చేస్తే?" అన్నాడు మామ.

"చేస్తా. నువ్వు దుడ్లిస్తావు, నేను చేస్తా, ఆర్నెల్లకు మళ్లా ఈడికే తోసుకొని వస్తావు. చచ్చినోనికి మందు పోస్తామా?"

మరుసటి రోజు నుంచి బస్సు. మా పల్లె నుంచి మొదటి బస్సు జమ్మలమడుగు చేరేటప్పటికి ఏడు. మూడు రోజులు చూసింది వార్డెనమ్మ. నాకంటే చిన్నదే, మంచిదే, కానీ నోరు కరుకు.

"అక్కా, ఏడున్నరకు ఉప్మా పెడితే పిల్లోళ్లు బడికి ఎప్పుడు పోతారు? నెలాఖరు దాకా చూస్తా. ఆపైన ఈ ఊరామెనే పెట్టుకుంటా. ఏమనుకోగాకు."

ఏమనుకుంటాను? ఆమె చెప్పింది న్యాయమే. కానీ పని పోతే నాకు దారి పోతుంది. దారి పోతే రాళ్లు పోతాయి. ఇంట్లో కూర్చుంటే గోడల మీద ఎవరు రాసి పెడతారు నాకు?

కొత్త బండి మాకు అందేది కాదు. భాయ్ చెప్పాడు, చెయ్యి మారినదే తీసుకోండి, చిన్న ఇంజనుదే తీసుకోండి, ఏ పల్లెలో నిలబడినా సామాను దొరికేదై ఉండాలి అని. మామకు మరీ మరీ చెప్పింది ఒకటే.

"పోతానే ఇంజను మీద అరచెయ్యి పెట్టు. సల్లగుండల్ల. వెచ్చగుంటే, నువ్వు వచ్చే ముందరే తన్ని తన్ని లేపి పెట్టినారని అర్థం. సల్లని ఇంజను మొదటి తన్నుకు లేస్తాదా ల్యాదా, అదే బండి గుణం. మనిషి గుణం గూడా పొద్దున్నే లేచినప్పుడే తెలుస్తాది."

"మా ఆమెది అప్పుడే తెలిసింది నాకు" అన్నాడు మామ. నేను ఆయన జబ్బ మీద ఒకటి ఇచ్చాను.

ప్రొద్దుటూరులో పాత బండ్లు అమ్మే అంగడికి పోయాం. ఎండలో వరసగా నిలబెట్టి, తుడిచి మెరిపించి పెట్టారు. మామ ముందు పక్క చూస్తున్నాడు. నేను నేరుగా వెనక పక్కకు పోయాను. నా చోటు అది కదా. చూస్తే ఒక్కటీ మనిషి కూర్చునే సీటు కాదు. తేలు తోక మాదిరిగా పైకి లేచి, చివర సన్నంగా ఉన్నాయి. పట్టుకునే దానికి కడ్డీ లేదు. చీర చక్రంలో పోకుండా పక్కన ఉండాల్సిన జాలీ లేదు. రెండు కాళ్లు ఒకవైపు పెట్టుకునే పలక లేదు.

"దీని మీద ఆడమనిషి యాడ కూచోవల్లప్పా?" అని అంగడాయనను అడిగాను.

"ఇప్పుడు అంతా అట్ల ఇట్ల కాళ్లేసుకొని కూచుంటాండారు పెద్దమ్మా."

"అరవై ఏండ్లకు చీర కట్టుకొని నేను అట్ల ఇట్ల ఏస్తే, పోలీసోళ్లు కాదు, పాస్టరయ్య పట్టుకుంటాడు నన్ను."

మామ అప్పటికే ఒక ఇంజను మీద అరచెయ్యి పెట్టి, చటుక్కున తీసేశాడు. కాలింది. మేం వచ్చేశాం.

అప్పుడు భాయ్ చెప్పాడు పులివెందుల సారు సంగతి. రిటైరైన టీచరు. ప్రొద్దుటూరులో పనిచేసిన కాలంలో ఆయన బండి భాయ్ చేతి కిందే ఉండేది. "ఆ బండిని బిడ్డ మాదిరి సూసుకున్యాడు. పోయి కండ్లు మూసుకొని తెచ్చుకోండి" అన్నాడు.

ఆదివారం ఆరాధన ముగించుకుని బస్సెక్కాం. సారు ఇంటి వాకిట్లో కాయలున్న చీనీ చెట్లు రెండు, పక్కన రేకుల షెడ్డు, అందులో బండి. సారు సన్నగా, తెల్లగా ఉతికిన చొక్కాలో ఉన్నాడు. మామ అరచెయ్యి పెట్టాడు. కుండలో నీళ్ల మాదిరి చల్లగా ఉంది. తన్నాడు. మొదటి తన్నుకు లేచింది. గొంతు కూడా మెత్తన. నేను వెనక్కు పోయి చూస్తే నా కళ్లు నమ్మలేదు. మంచం మాదిరి సమంగా పరిచిన సీటు. చేత్తో పట్టుకునే కడ్డీ, పట్టుకుని పట్టుకుని అరిగి నునుపు తేలి ఉంది. జాలీ ఉంది. పాదాల పలక ఉంది, దాని మీద రబ్బరు ఒక చోట గుంట పడి ఉంది. ఎవరిదో మడమ అక్కడ ఏళ్ల తరబడి ఆని ఉంది. నేనెక్కి కూర్చుని నా మడమ ఆ గుంటలో పెట్టాను. సరిగ్గా అమరింది. కళ్లు మూసుకుంటే శనగ చేలు వచ్చేశాయి.

"వెనక కూచునే మనిషి ల్యాకపాయ ఇంగ" అన్నాడు సారు. "నాకొక్కనికి బండెందుకని బేరానికి పెట్టినా."

అడిగిన దుడ్లు మా చేతికి అందేవే. మామ నా వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు. నేను సరే అనబోతూ దిగి, ముందు పక్కకు వచ్చాను. హ్యాండిలుకు దారంతో ఒక అట్ట కట్టి ఉంది. అగ్గిపెట్టెల కట్ట నుంచి చించిన అట్ట, సన్నగా పొడుగ్గా. దాని మీద ముత్యాల్లాంటి అక్షరాలు, మూడు వరసలు. చదివే అక్షరం కనబడితే నేను ఆగకుండా ఉండలేను. కూడబలుక్కున్నాను.

మొదటి వరస, ఈ బండి. రెండో వరస, అమ్మ. మూడో వరస, బడును.

ఈ బండి. అమ్మ. బడును.

పట్టుకున్న అట్ట వదిలేశాను. మా మాటలో కిందబడినాడు అంటాం, జారిబడినాడు అంటాం. ఇక బడును అని చివర ఆ ఉను. అట్లా ముగిసే మాటలు నేను విన్నది ఒక్క చర్చిలోనే. వచ్చును, జరుగును, పడును. అవి జరగబోయేవాటిని ముందే చెప్పే మాటలు. ఊరికే రాసేవి కావు. వెనక కూర్చునే మనిషి లేకపోయె అని సారు అన్నది అప్పుడు నాకు మళ్లీ వినబడింది. ఆ మడమ గుంట గుర్తొచ్చింది.

"వద్దు మామా. పోదాం రా" అన్నాను.

"ఏంది మే? ఇప్పుడే గదా పండుకున్నట్ల కూచున్నావు దాని మింద?"

"నాకు బాగల్యా. పోదాం."

సారు ముఖం చిన్నబోయింది. ఏమి లోపం కనబడిందమ్మా అని అడిగాడు. చచ్చిన మనిషి సంగతి ఆయన ముందు ఎట్లా ఎత్తుతాను? ఏం లేదులే సారూ అని నడిచేశాను. మామ గేటు దాటేదాకా వెనక్కి తిరిగి తిరిగి ఆ బండిని చూశాడు.

బస్సులో చెప్పాను. "అట్ట మీద రాసుండాది. ఆ బండి మింద అమ్మ పడుతుందంట."

నేను చదివానంటే మామ ఎదురు చెప్పడు. ఇంట్లో చదువు నాదే కదా. కిటికీలోంచి చూస్తూ అన్నాడు, "లోపం దాచిపెట్టి అమ్మేటోళ్లను సూసినా గానీ, రాసి బండికి కట్టినోన్ని ఈయప్పనే సూడ్డం. మంచోడు మే."

"మంచోడే" అన్నాను నేను.

భాయ్‌కి మాత్రం నచ్చలేదని చెప్పాం. "నచ్చకపోయేదానికి ఏముండాది దాంట్లో!" అని ఆయన మా మీద అలిగాడు.

ఆ వారమంతా ఆ సారు భార్య నా కళ్లలోనే ఉంది. ముఖం తెలియదు. మంచులో ఒక బండి మెల్లగా పోతూ ఉంటుంది, ఆమె కడ్డీ వదిలేస్తుంది, ఆకు రాలినట్టు చప్పుడు లేకుండా రాలుతుంది, సారుకు తెలియక పోతూనే ఉంటాడు. ఉప్మా కలియబెడుతూ కూడా అదే చూసేదాన్ని. రెండుసార్లు అడుగంటింది. నెలాఖరు ఇంకా ఆరు రోజులుంది.

ఆ రోజు బస్సులో నాకు కుడివైపు కిటికీ దొరికింది. జమ్మలమడుగు మొదట్లో ఒక మేకల మంద అడ్డమొస్తే బస్సు ఆగింది. ఎదురుగా ఒక అంగడి గోడ. నీలం రంగుతో పెద్ద పెద్ద అక్షరాలు. ఇన్నేళ్లూ నా వీపు వెనక పోయిన గోడ అది. కూడబలుక్కున్నాను. ఇచ్చట కోడిగుడ్లు అమ్మ బడును.

కోడిగుడ్ల మీద ఎవరి అమ్మ పడుతుంది?

మళ్లీ చదివాను. గోడ వెడల్పుగా ఉంది, రాసినాయన మాటను విరవలేదు. అమ్మబడును. ఒకే మాట. బస్సు కదిలింది. నాలుగు అడుగుల అవతల ఖాళీ జాగాలో పాతిన రేకు మీద, ఈ స్థలము అమ్మబడును. మనిషి నడవని జాగాలో కూడా అమ్మ పడిపోతూ ఉంది. అప్పుడు లోపల ఏదో గడియ ఊడినట్టయింది. నవ్వు ఆపుకోలేకపోయాను. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు.

"ఏమైంది పెద్దమ్మా?" అన్నాడు కండక్టరు.

"ఏం ల్యా నాయనా. పడింది నేనే."

ఆ సాయంత్రం మామకు చెప్పడం నాకు తేలిక కాలేదు. నాకున్న ఒక్క గొప్పా అదే. నేను చదివినానంటే ఇంట్లో అది చట్టం. చెప్పకుండా ఉంటే ఆయనకు ఎప్పటికీ తెలియదు కూడా. కానీ ఆ కడ్డీ, ఆ మడమ గుంట, అవి నన్ను ఊరుకోనీయలేదు. కూడు పెట్టి, ఆయన తింటూ ఉండగా చెప్పేశాను. నేను చదివింది తప్పు మామా, జమ్మలమడుగు మొదట్లో కోడిగుడ్ల అంగడి గోడ మీద కూడా అదే ఉంది, దాని అర్థం అమ్ముతాం అని.

ముద్ద చేతిలోనే పెట్టుకుని చూశాడు. "అట్లయితే ఆయమ్మ పడల్యా?"

"ఏమో. పడిందని యాడా రాసిల్యా."

"అమ్ముతాం అని రాసేదానికి ఏమొచ్చిందంట ఆయప్పకు?"

"అదే అడుగుతా పోయి."

మరుసటి రోజు నేను సెలవు పెట్టాను, మామ పెట్టాడు, పులివెందుల పోయాం. బండి ఉంటుందో లేదో అని దారంతా చేతులు నలుపుకుంటూ కూర్చున్నాను. షెడ్డులో ఉంది. అట్ట కూడా ఉంది. పిలిస్తే సారు రాలేదు. లోపల నుంచి ఒకామె గోడ పట్టుకుని, ఒక్కో అడుగు తూచి వేస్తూ బయటికి వచ్చింది. నా వయసే. పసుపుపచ్చ చీర.

"ఎవరు గావల్లమ్మా?"

"సారు... సారు వాళ్ల..." అన్నాను.

"నేను ఆయప్ప పెండ్లాన్ని. వేములలో మా చెల్లెలింటికి పోయుంటి, నిన్ననే వస్తి. బండి సూసేదానికి వచ్చినారా?"

నేను ఆమె చెయ్యి పట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. పట్టుకోకుండా ఉండలేకపోయాను, నిజంగా ఉందో లేదో అని. అంతలో సారు వచ్చాడు. నన్ను గుర్తుపట్టాడు.

"సారూ, ఒక మాట అడగల్ల. కోపం జేసుకోగాకు" అన్నాను. "'అమ్ముతాం' అని రాసింటే నీ సొమ్మేం పోతాండె?"

జరిగినదంతా చెప్పాను. సారు అట్ట వైపు చూశాడు, నా వైపు చూశాడు. "వ్యాకరణం ప్రకారం తప్పులేదమ్మా... అట్ట సన్నగుండె, వరస చాలల్యా" అన్నాడు.

ఆయన భార్యకు నవ్వి నవ్వి కళ్లలో నీళ్లొచ్చాయి. "ముప్పై ఏండ్లు పిల్లోళ్లకు చదువు జెప్పినాడు. దోవన పోయే మనిషికి అర్థమయ్యేట్ల మూడు మాటలు రాయను రాల్యా! నన్ను సంపి పెట్టె గదప్పా నువ్వు!" అని నా వైపు తిరిగింది. "నేను యాడా పడల్యా మ్మా. ఈయప్ప తోలేదానికి పడవల్సింది, అయినా పడల్యా. మోకాళ్లు పోయినాయి. ఎక్కలేను, అంతే."

తర్వాత ఆమె నన్ను బండి దగ్గరికి తీసుకుపోయింది. ఇంజను సంగతి మగవాళ్లిద్దరూ మాట్లాడుకుంటూ ఉంటే, వెనక సీటు సంగతి ఆమె నాకు అప్పజెప్పింది. గుంత వచ్చినప్పుడు కడ్డీని కింద నుంచి పట్టుకోవాలి, పై నుంచి కాదు. వానలో బ్రేకు కూస్తుంది, భయపడొద్దు. ఒడిలో బరువుంటే కుడి భుజం ఆయన వీపుకు ఆనించి కూర్చో. ఇన్ని రోజులుగా మేం తిరిగిన ఏ అంగడిలోనూ ఎవరూ చెప్పని మాటలవి. చివరగా ఆ సీటు మీద రెండుసార్లు తట్టింది, గేదెను ఇంకొకరికి ఇచ్చేటప్పుడు తట్టినట్టు.

దుడ్లు సారు చేతిలో పెట్టి, ఆ బండి మీదనే తిరిగి వచ్చేటప్పుడు జమ్మలమడుగు ముందర పెన్న వంతెన మీద పొద్దు వాలింది. గండికోట కొండలు దూరంగా నీలం గీతలాగా ఉన్నాయి. బండి జోరుగా పోగలదు, మామ చేతికి అది తెలిసిపోయింది. రాళ్లు గబగబా దాటిపోతున్నాయి, ఒక్క అక్షరం చిక్కలేదు. కొంచెం దూరం పోయాక తనంతట తానే తగ్గించాడు.

"చదవతాండావా?" అన్నాడు వెనక్కి తిరగకుండా.

"ఇప్పుడు చదవతా."

మరుసటి తెల్లవారుజామున మంచులో బయలుదేరాం. హాస్టలు దగ్గరికి చేరేటప్పటికి ఆరుకు ఇంకా పావుగంట ఉంది. గేటు తాళం వేసే ఉంది. మామ బండి వెనక్కి తిప్పి, నన్ను ఎక్కమన్నాడు. వచ్చిన దారినే పోయి, ఆ కోడిగుడ్ల అంగడి ముందర ఆపాడు. అటునుంచి వస్తే ఆ గోడ నాకు ఎడమవైపు.

"దీంట్లో అమ్మ యాడుండాది?"

దిగి, గోడ మీద వేలు పెట్టి చూపించాను. రెండే అక్షరాలు. ఆయన చూశాడు, బండి ట్యాంకు మీద పట్టిన మంచులో వేలితో రాశాడు. మ కింద వత్తు వేయలేదు. అమ అని ఉంది. నేను ఆ వేలు పట్టుకుని వత్తు వేయించాను. గేటు దగ్గరికి పోయేలోగా అది నీళ్లై కారిపోయింది.

తాళం తీసి ఉంది. వార్డెనమ్మ గోడ గడియారం వైపు చూసింది, ఆరుకు ఇంకా రెండు నిమిషాలుంది, నా వైపు చూసి పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది. లోపలికి పోయి పొయ్యి వెలిగించాను.